మల్లికి చెప్పిన మాటలు

చేవెళ్ల,
6 ఏప్రిల్ 2025

అక్కా,

నీ కోపం చల్లారిందో లేదో తెలియదు. నాది చల్లారింది కానీ, అప్పటికి ఫోన్ లేదు. "ముందు నేను చెప్పేది ఇను" అని నువ్వు, "కాదు, ముందు నేను చెప్పేది ఇను" అని నేను అరుచుకుంటుంటే దాన్ని గచ్చు మీదికి విసిరికొట్టాను. ఇక ఉత్తరాలే గతి. గిద్యోను అన్న రోజూ పొద్దున మన ఊరి పాలకూర, కొత్తిమీర ఆటోలో మొయినాబాద్ తెస్తాడు కదా. ఇంకొంచెం ముందుకొచ్చి, అజీజ్‌నగర్‌లో మీరు పనిచేసే ఫామ్‌హౌజ్ గేటు దగ్గర రంజిత్ బావ చేతికి ఇస్తానన్నాడు. కాగితం మీద ఎంత అరిచినా చెవులు నొయ్యవు.

అసలు సంగతి. మన ఇంట్లో ప్రజాస్వామ్యం చచ్చిపోయింది. హోళీకి ముందు నుంచీ అవ్వ బాపుతో మాట్లాడటం లేదు. ఆమె మాట్లాడదు కాబట్టి ఆయనా మాట్లాడడు. మనల్ని కన్నవాళ్లు ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కుండలో వండింది తింటూ, ఏది చెప్పాలన్నా బర్రెకు చెబుతున్నారు. నవ్వకు. నిన్న సాయంత్రం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అవ్వ పాలు పితుకుతూ, "మల్లీ, అన్నం మూత కింద ఉన్నదని చెప్పవే. తినేటోళ్లు తింటరు, లేకుంటే లేదు" అన్నది. బాపు గడ్డి వేస్తూ, "మల్లీ, పచ్చిపులుసుల ఉప్పు వెయ్యుడు మర్సిండ్రని చెప్పు" అన్నాడు. "ఉప్పు తగ్గియ్యమని డాక్టర్ సాబ్ చెప్పలేదానే మల్లీ?" అన్నది అవ్వ. "డాక్టర్ తగ్గియ్యమన్నడు గని బంద్ చెయ్యమన్నడా మల్లీ?" అన్నాడు బాపు. పాపం మల్లి ఇద్దరినీ మార్చి మార్చి చూసి నెమరేసుకుంది.

మనిషి మనిషితో మాట్లాడటానికి పశువు కావలసి రావడం బానిస కాలపు అవశేషం కాదా? నేను బస్టాండు దగ్గర కొన్న చిన్న పుస్తకాల్లో స్పష్టంగా ఉంది. చెప్పేవాడు, వినేవాడు, వాళ్ల మధ్య ఒక దారి. దారి ఎంత తిన్నగా ఉంటే మాట అంత క్షేమంగా చేరుతుందట. బర్రె తిన్నని దారి ఎట్లా అవుతుంది? ఇద్దరికీ ఎందుకు చెడిందో నాకు తెలియదు. నేను అడగలేదు కూడా. కారణాలు తవ్వుకుంటూ కూర్చుంటే పద్ధతి మారదు. వచ్చే ఆదివారం ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మీటింగ్ పెడుతున్నాను.

మిగతా అంతా మామూలే. బాపు కాలికి మొన్న తుమ్మముల్లు దిగింది. అది కూడా మల్లికే చెప్పుకున్నాడు. మర్నాడు పొద్దున కొట్టం గడప మీద వేడినీళ్ల చెంబు, పసుపు పెట్టి ఉన్నాయి. ఎవరు పెట్టారో అడిగితే ఎవరూ చెప్పలేదు.

ఈ ఇంట్లో నోరున్న ఒకే ఒక్కడు,
జ్ఞానేశ్వర్


అజీజ్‌నగర్,
10 ఏప్రిల్ 2025

తమ్మీ,

నీ ఉత్తరం రంజిత్‌కు చదివి వినిపించాను. బర్రె దగ్గరికి వచ్చేసరికి పైపు వదిలేసి నవ్వాడు, లాన్ సగం మడుగైంది. నువ్వు నవ్వొద్దన్నావు కాబట్టి నేను లోపలికి పోయి నవ్వాను.

ముందు ముల్లు సంగతి రాయి. మొత్తం వచ్చిందా, లోపల ఇరిగిందా? బాపుకు షుగరున్న సంగతి నీకు యాది ఉన్నదా? పోయినసారి దవాఖానలో డాక్టరమ్మ నాతో ఏమన్నదో తెలుసా? "ఈయన కాలికి చిన్న గాయమైనా నా దగ్గరికి రావాలె, లేకుంటే కాలు పోతది" అన్నది. నీ ఉత్తరంలో ప్రజాస్వామ్యానికి ఒక పేజీ ఉంది. కాలికి రెండు ముక్కలున్నాయి.

మీటింగులు పెట్టకు. మాటలు అందరివీ ఒక్క తీరుగా ఉండవు. మా సారు సీతారామారావు గారి సంగతి చెబుతాను విను. ఆదివారం ఆదివారం వస్తారు. బెజవాడ దిక్కు మనిషి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడరు. నేను ఏం వండినా "చాలా బాగుందమ్మా శిరీషా" అనే అంటారు. మొదట్లో నేను పొంగిపోయేదాన్ని. తర్వాత తర్వాత ఆయన నీళ్ల గ్లాసు దిక్కు చూడటం నేర్చుకున్నాను. గ్లాసు ఖాళీ అయితే కారం ఎక్కువైనట్టు. కూర గిన్నె ఆయనే దగ్గరికి జరుపుకుంటే అప్పుడు బాగున్నట్టు. రమణి మేడం నన్ను చూసి, "నీకెలా తెలుస్తుందే ఆయన సంగతి? నాకే ఇరవై ఏళ్లు పట్టింది" అంటుంది. మనోళ్లు కూడా అంతే. వాళ్ల తీరున వాళ్లను ఉండనీ.

కాలు చూసి రాయి. మర్చిపోకు.

నిన్ను ఎత్తుకుని తిప్పిన
అక్క


చేవెళ్ల,
15 ఏప్రిల్ 2025

అక్కా,

"వాళ్ల తీరున వాళ్లను ఉండనీ." ఈ ఒక్క మాటతోనే కదా మన దేశంలో ఏదీ మారకుండా పోయింది! నువ్వు అవ్వ పక్షమో బాపు పక్షమో గానీ మార్పు పక్షం మాత్రం కాదు.

మీటింగ్ జరిగింది. అట్టముక్క మీద నియమాలు రాసి గోడకు తగిలించాను. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మధ్యలో రావద్దు. పాతవి తవ్వొద్దు. కళ్లల్లోకి చూసి మాట్లాడాలి. ఇద్దరికీ రెండు కుర్చీలు వేశాను. అవ్వ కుర్చీ వదిలి గడపలో కూర్చుంది. బాపు కుర్చీలో కూర్చుని అట్ట దిక్కు చూసి, "ఇది ఇల్లా, కోర్టా? నేనేం ముల్జిమ్‌నా?" అన్నాడు. "బాపూ, ముందు నువ్వు చెప్పు, నీ మనసులో ఏమున్నది?" అని అడిగాను. "నా మనసుల ఏముంటది? కొత్తిమీరకు నీళ్లు పెట్టాలని ఉన్నది" అని లేచాడు. "అవ్వా, నువ్వన్న చెప్పు" అన్నాను. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని, కొట్టం దిక్కు తిరిగి, "మల్లీ, మీటింగు అయిపోయినట్టున్నది, చాయ్ పెట్టాల్నా అని అడుగవే" అన్నది.

నాకు నెత్తికెక్కింది. పలుపు విప్పి, మల్లిని ఊరవతల పాండు బాబాయి కొట్టానికి తోలుకుపోయి కట్టేసి వచ్చాను. "మీరు మనుషుల్లెక్క మాట్లాడుకున్ననాడు మల్లి ఇంటికొస్తది. అందాక రాదు" అని ఇద్దరికీ వినబడేట్టు చెప్పాను. పొద్దున, సాయంత్రం నేనే పోయి పాలు పితుకుతున్నాను. అది నన్ను తన్నింది కూడా. ఉద్యమంలో ఇవన్నీ మామూలే. దారి మూసేస్తే తప్ప మనిషి కొత్త దారి వెతకడు. చూస్తూ ఉండు, వారంలో ఇద్దరూ ఎదురెదురుగా మాట్లాడతారు.

కాలు సంగతి అడగమన్నావు, అడిగాను. "కాలు బాగనే ఉన్నది గద బాపూ?" అన్నాను. "ఆఁ" అన్నాడు. చాలా?

కార్యాచరణలో ఉన్న
తమ్ముడు


అజీజ్‌నగర్,
19 ఏప్రిల్ 2025

జ్ఞానేశ్వర్,

పాండు బాబాయి కొట్టమా? ఆయన చేసేది పశువుల బేరం. ఆయన కొట్టంలో కట్టిన పశువు సంతకు పోక, తిరిగి ఇంటికి వచ్చింది ఎన్నడన్నా చూశావా? బట్టలు మార్చినంత సులభంగా "తోలుకుపోయి కట్టేసి వచ్చాను" అని రాస్తావా? గిద్యోను అన్నను అడిగితే, "నిజమే శిరీషమ్మా, ఇంటి కాడ బర్రె కనవడుతలేదు" అన్నాడు. ఇంకేం అనుకోవాలి?

మల్లి తల్లి చచ్చిపోయినప్పుడు అవ్వ దానికి సీసాతో పాలు పట్టింది. నాకు బిడ్డ పుట్టి దక్కని ఏడాది నేను ఇంటికి వస్తే, అవ్వ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పక్కన కూర్చుని మల్లి తలకాయ నా ఒళ్లో పెట్టింది. ఆ సంగతి నీ పుస్తకాల్లో ఏ పేజీలో ఉంది? నువ్వు మాటల గురించి చదివావు కానీ, మనుషులకు ఏం చెప్పుకోవాలని ఉంటుందో ఎన్నడూ చదవలేదు.

మల్లి ఇంటికి వచ్చినాడు నాకు ఉత్తరం రాయి. అందాక రాయకు. రాసినా చదవను.

శిరీష


చేవెళ్ల,
23 ఏప్రిల్ 2025, రాత్రి

శిరీష గారికి,

చదవనన్నావు. అయినా రాస్తున్నాను. తమ్ముణ్ని ముద్దాయిని చేసి, వాడు నోరు తెరవకముందే తీర్పు చెప్పావు కదా. మల్లిని నేను అమ్మలేదు. పాండు బాబాయితో "ఇది అమ్మకానికి కాదు" అని ముందే చెప్పాను. నువ్వు అడిగితే చెప్పేవాణ్ని. అడగలేదు. గిద్యోను అన్నను అడిగావు. ఆయనకు కనబడింది కొట్టం ఖాళీగా ఉండటమే. ఆయన చెప్పింది నిజమే, నువ్వు అనుకున్నది అబద్ధం. నేను బర్రెను అమ్ముకునేవాణ్నని నీకెట్లా అనిపించింది? బిడ్డ సంగతి నా మీద ఎందుకు విసిరావు? ఆ ఏడాది నేను కూడా ఏడ్చాను. నువ్వు చూడలేదు, అంతే.

ఇంటి సంగతి రాయాలనిపించలేదు, కానీ ఎవరికైనా రాయకపోతే ఊపిరాడేట్టు లేదు. వారం అన్నాను. వారం దాటింది. ఇప్పుడు ఎవరూ మల్లితో మాట్లాడటం లేదు, నిజమే. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. నాతో కూడా. అవ్వ వంట చేసి గిన్నెలు మూతపెట్టి అరుగు మీద కూర్చుంటుంది. బాపు బోరు దగ్గరి కొట్టంలోకి పడక మార్చాడు. రోజూ అన్నం నేనే తీసుకుపోతున్నాను. కొత్తిమీరకు నీళ్లు కూడా నేనే పెడుతున్నాను. ఆయన మంచం దిగడం లేదు. పనికి విసుగొచ్చిందనుకుంటా, లేకపోతే నా మీద కోపం. కాలికి గోనెపట్టా చుట్టుకుని పడుకుంటున్నాడు. అదేందని అడిగితే "సలి పెడుతున్నది" అన్నాడు. నేను మల్లిని తోలుకుపోయినందుకు నిరసన కాబోలు. నిరసన నాకు అర్థమవుతుంది. నేను కూడా వెనక్కి తగ్గను.

మల్లి మాత్రం బాగుంది. నువ్వు అడగకపోయినా చెబుతున్నాను.

జ్ఞానేశ్వర్


అజీజ్‌నగర్,
24 ఏప్రిల్, పొద్దున

తమ్మీ,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. గిద్యోను అన్నను ఆటో తిప్పుకోనివ్వకుండా ఆపి, సీటు మీద పెట్టి రాస్తున్నాను. నీ చేతికి ఇచ్చి, నువ్వు చదివిందాక అక్కడే నిలబడమని చెప్పాను.

ఏప్రిల్ నెలలో చలేంది తమ్మీ? ఇక్కడ చెట్ల కింద కుక్కలు నాలుక బయటపెట్టి పడుకున్నాయి. బాపు నీ మీద అలగలేదు. కాలు దాచుకుంటున్నాడు. ఇన్ని రోజులు ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకునేదాన్ని నువ్వు తోలుకుపోయావు. ఆయన "మల్లీ, కాలు సలుపుతున్నదే" అంటే, అది అవ్వకు చెప్పినట్టు. వేడినీళ్లు గడప మీదికి వచ్చేది అందుకే. ఇప్పుడు అవ్వకు ఏం తెలుసు? ముల్లు మానిందనుకుంటుంది.

తప్పు నీ ఒక్కనిది కాదు. నీ రెండో ఉత్తరంలో "కాలు బాగనే ఉన్నది గద" అని నువ్వు అడిగినట్టు రాశావు. అట్ల అడిగితే ఎవరైనా "ఆఁ" అంటారు. అది నేను అప్పుడే పట్టుకోవాల్సింది. బర్రె కోపంలో కాలు సంగతే మర్చిపోయాను. బిడ్డ సంగతి తీసినందుకు ఏమనుకోకు. అది నీ మీద విసరడానికి రాసింది కాదు. నాకు చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు?

ఇప్పుడు పో. అడగకు, పట్టా విప్పి చూడు. ఏమున్నా అవ్వకు చెప్పు. నువ్వు చెప్పినాక నోరు మూసుకుని ఆమె ఏమంటదో విను. మధ్యలో రాకు. ఆటో నీ దగ్గరే ఉంచుకో.

అక్క


చేవెళ్ల, దవాఖాన వరండా,
25 ఏప్రిల్ 2025

అక్కా,

గిద్యోను అన్న ఫోన్ నుంచి నిన్న నీకు చెప్పాను కానీ, నువ్వు ఏడుస్తుంటే నేనూ ఏడుస్తూ సగమే చెప్పాను. మిగతా సగం ఇది. సాయంత్రం మేడంను అడిగి వస్తున్నావట కదా, దారిలో చదువుకో. ముందు ఒక్కటి తెలుసుకుని తర్వాత చదువు: ఒక వేలు తీసేశారు, కాలు దక్కింది. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే మడమ దాకా పోయేదని డాక్టరమ్మ అన్నది.

నీ ఉత్తరం చదివి పరుగెత్తాను. పట్టా విప్పబోతే బాపు నా చెయ్యి పట్టుకుని, "పోరా, నీ అట్టముక్కలు నువ్వు చూస్కో" అన్నాడు. విప్పాను. చిటికెన వేలు నల్లబడి ఉంది. దాని పక్కన ఎర్రగా వాచింది. "నొప్పి లేదా బాపూ?" అన్నాను. "ఉన్నన్ని రోజులు ఉండె. ఇప్పుడు లేదు. అందుకే మంచిగైతున్నదనుకున్న" అన్నాడు. దవాఖానకు పోదామంటే రానన్నాడు. "ఆడ కాలు కోస్తరు. నేను పోను" అని గోడ దిక్కు తిరిగాడు. నేను అరిచాను అక్కా. అంతా నీ మూలంగానే అని, మీ ఇద్దరి మొండితనం వల్లే అని. నా మాట ఆ కొట్టం గోడలకు తగిలి నాకే వినబడింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

ఇంటికి పోయి అవ్వకు చెప్పాను. వేలు సంగతి ఉన్నదున్నట్టు చెప్పి, "అవ్వా, నువ్వు బాపుతోని ఎందుకు మాట్లాడుతలేవు?" అని అడిగాను. ఇన్నాళ్లకు మొదటిసారి అడిగాను. తర్వాత నువ్వు చెప్పినట్టే నోరు మూసుకున్నాను. చాలా కష్టమైంది. ఆమె చీపురు గోడకు ఆనించి, ఊడ్చిన చెత్త చేత్తో ఎత్తి బయట పోసి వచ్చింది. మధ్యలో నాలుగైదు సార్లు నాకు మాట వచ్చింది, మింగాను.

హోళీకి ముందు ఫామ్‌హౌజ్ వాళ్లు ఎవరో బోరు మూలన ఉన్న చెలక భూమి కొంటామని అడగడానికి వచ్చారట. ఊరి పెద్దమనుషులు కూడా వెంట వచ్చారు. అవ్వ తలుపు దగ్గర నిలబడి, "బోరు పోతే కొత్తిమీర ఏం తాగి బతుకుతది?" అన్నదట. బాపు అందరి ముందర, "నువ్వు ఊకో. నీకేం తెల్వది" అన్నాడట.

"ఊకొమ్మన్నడు" అన్నది అవ్వ. "ఊకున్న. గంతే బిడ్డా. ఆ చెలక ఇయ్యలేదు, నేనన్నట్టే ఇయ్యలేదు. గని నేనన్నట్టు అని ఒక్కపాలి అన్నడా?" తర్వాత కొంగు నోట్లో పెట్టుకుంది. "ముల్లు మానిందనుకున్ననురా. కొట్టం ఖాళీగుండె. నాకు ఎవలు చెప్పిండ్రు?"

అక్కా, ఆమె నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. తిడితే బాగుండేది.

చెప్పులు వేసుకోకుండానే పొలానికి నడిచింది. బాపుతో ఏం మాట్లాడలేదు. మంచం దగ్గర కూర్చుని, ఆయన కాలు తన ఒళ్లోకి తీసుకుని, కొంగు చించి కట్టింది. బాపు లేచాడు. నేనొక పక్క, ఆమె ఒక పక్క పట్టుకుని ఆటోలో కొత్తిమీర గంపల మధ్యన కూర్చోబెట్టాం. గిద్యోను అన్న దారి పొడుగునా "యేసయ్యా, యేసయ్యా" అంటూనే నడిపాడు. ఇద్దరూ మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

దవాఖానలో వరసంతా మనోళ్లే. మన వాడ నుంచి టీకాలకు వచ్చినవాళ్లు, ఎంకపల్లి నుంచి ఇంకెవరో. వాళ్లల్లో ఆ రోజు మన ఇంటికొచ్చిన పెద్దమనుషుల్లో ఒకాయన కూడా ఉన్నాడు. డాక్టరమ్మ కాలు చూసి, "షుగర్ ఎన్నేళ్ల నుంచి? ఏం మాత్రలు వేసుకుంటున్నవ్? దెబ్బ ఎప్పుడు తగిలింది?" అని వరసగా అడిగింది. నేను చెప్పబోయి ఆగాను. బాపు తల ఎత్తి, ఆ వరసంతటికీ వినబడేట్టు అన్నాడు. "నాకేం తెల్వది అమ్మా. ఏమడిగినా ఆమెనడుగు. అన్నీ ఆమెకే తెలుసు."

అవ్వ ఆయన దిక్కు చూసింది. ఎన్ని రోజులకు చూసిందో నేను లెక్కపెట్టలేదు. అప్పుడు మొదలుపెట్టింది అక్కా. మాత్రల రంగు చెప్పింది. ఏ మాత్ర వేసుకుంటే కళ్లు తిరుగుతాయో చెప్పింది. ముల్లు ఏ గట్టు మీద దిగిందో, మొదటిరోజు ఎట్లా కుంటుతూ నడిచాడో, పోయిన చలికాలం మడమ ఎట్లా పగిలిందో, అన్నం తక్కువ తిని జొన్నరొట్టె ఎక్కువ తినమంటే ఎట్లా మారం చేస్తాడో, అంతా. బాపు తల ఊపుతూ విన్నాడు. వెనక వరసలో వాళ్లు గొణిగారు. డాక్టరమ్మ రాసి రాసి, పెన్ను కింద పెట్టి, "చాలమ్మా, ఇది సరిపోతది" అన్నది.

బాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఆగమ్మా. ఆమె మాట ఇంకా అయిపోలే."

నీ తమ్ముడు
జ్ఞానేశ్వర్